పక్కింటికి వెళ్ళిన ఎర్ర పామ్

ఇంటి వెనక పెరడు. మధ్యాహ్నం. నిన్న పొద్దున వెల్డింగు పనికి వెళ్ళిన భర్త ఇప్పుడే తిరిగి వచ్చాడు. భార్య బట్టలు ఆరేస్తోంది.

“గుండుగాడు నన్ను నిలువునా ముంచాడే. నర్సరీ అని బోర్డు కట్టుకుని దొంగసరుకు అమ్ముతున్నాడు. తెలిసే అంటగట్టాడు నాకు. నవ్వుతూ, టీ తాగించి మరీ అంటగట్టాడు.”

“వచ్చీ రాగానే ఆ గోలెందుకండీ. చెప్పులైనా విప్పండి.”

“లోపల పురుగు పెట్టుకుని పైన నీళ్ళు చల్లి మెరిపించాడు. చూడ్డానికి పెళ్ళికూతురు. లోపలంతా డొల్ల.”

“దేని గురించి చెప్తున్నారు?”

“ఇంకేముంది, ఎర్ర పామ్ చెట్టు. కుండీలోది. మొన్న మొదలుకి చెవి ఆనించి విన్నాను. కరకర, కరకర. వడ్రంగి లోపల కూచుని పనిచేస్తున్నట్టే ఉంది. ఎర్రముక్కు పురుగు. అది పక్కవాటికి పాకిందంటే వరసంతా పోతుంది. ఆ నీలం ఆకుల చెట్టు, ఆ పసుపు కాడల చెట్టు, చిగురు ఎర్రగా వేసి తర్వాత ఆకుపచ్చకి తిరిగేది, అన్నీ. పిల్లల్ని పెంచినట్టు పెంచాను.”

“పురుగని నాకు చెప్పలేదేం?”

“చెప్తే ఏం చేస్తావు, జోలపాడి నిద్రపుచ్చుతావా? అది సరేగానీ, కుండీ ఏది?”

“ఏ కుండీ?”

“ఇప్పటిదాకా నేనెవరితో మాట్లాడుతున్నానే? ఎర్ర పామ్ కుండీ. ఇక్కడే, పంపు పక్కన పెట్టి వెళ్ళాను.”

“ఎండగా ఉందని...”

“ఎండగా ఉందని?”

“లోపల పెట్టాను.”

“లోపలా? లోపలంటే ఎక్కడ? ఇంట్లోనా?”

“అబ్బ, నేనిక్కడే ఉన్నాను కదా. ఎందుకా అరుపు?”

“ఏ గదిలో? కిటికీలు వేశావా? రాత్రి ఆ గదిలోనే పడుకున్నావా నువ్వు?”

“చెయ్యి వదలండి. నొప్పి.”

“నీకు తలనొప్పిగా ఉందా? వాంతి వచ్చేట్టుందా?”

“మీరిలా అరిస్తే వస్తుంది. ఏమైందండీ మీకు? ఎక్కడికి ఆ పరుగు? ఏమండీ.”

“...వంటింట్లో లేదు. పడగ్గదిలో లేదు. స్నానాలగదిలో కూడా చూశాను. లోపల పెట్టానన్నావు. ఏదీ?”

“ముందు కూర్చోండి. చెమటలు ఎలా కారుతున్నాయో చూసుకోండి.”

“కూర్చోను.”

“అయితే కోప్పడనని మాటివ్వండి.”

“కోప్పడను. నీకు దండం పెడతాను, కోప్పడను. ఎక్కడుంది?”

“మనింట్లో లేదు.”

“అమ్మేశావా?”

“అమ్మడానికి నేనెవర్నండీ. ఇచ్చాను.”

“ఎవరికి?”

“అదిగో, అప్పుడే కళ్ళెర్రబడ్డాయి.”

“ఎవరికిచ్చావే?”

“మీ తమ్ముడికి.”

“చిన్నోడికా?”

“మీకింకెంతమంది తమ్ముళ్ళున్నారు? ఒక్కడే. పక్కింట్లోనే ఉండి పలకరింపు లేని తమ్ముడు. రోజూ గోడ మీంచి ఆ చెట్టుకేసి చూస్తాడు. నేను చూడట్లేదనుకుని చూస్తాడు. నిన్న సాయంత్రం కూడా చూస్తుంటే నాకే మనసాగలేదు. పట్టుకెళ్ళు అబ్బాయ్, మీ అన్నయ్యే ఇచ్చి రమ్మన్నాడు అని చెప్పాను.”

“నేనిచ్చి రమ్మన్నానని చెప్పావా?”

“మరి నేనిచ్చానంటే తీసుకుంటాడా? మీరిచ్చారనేసరికి చిన్నపిల్లాడైపోయాడు. నిజంగా అన్నయ్యేనా, నిజంగా అన్నయ్యేనా అని ఎన్నిసార్లడిగాడో. ఇద్దరం కలిసి దొర్లించుకుంటూ తీసుకెళ్ళాం. నా నడుం ఇంకా పట్టుకునే ఉంది.”

“ఎక్కడ పెట్టుకున్నాడు?”

“కొడతారేమో అనుకున్నాను. ఇలా వణికిపోతున్నారేంటండీ?”

“ఎక్కడ పెట్టుకున్నాడో చెప్పు. వాకిట్లోనా? పెరట్లోనా?”

“పడగ్గదిలో. మంచం పక్కన. చలిగాలి పడదు, ఎండ పడదు, పసిబిడ్డని చూసినట్టు చూడాలి అని మీరే కదా ఊరంతా కోతలు కోస్తారు. ఆ కోతలన్నీ గోడ అవతలికి వినపడవనుకున్నారా? అన్నీ గుర్తుపెట్టుకున్నాడు మీ తమ్ముడు.”

“ఆ పడగ్గదికి కిటికీ లేదు.”

“ఉండేది. మీ చెట్లు కనపడకూడదని మీ మీద కోపంతో ఇటుకలు పెట్టి మూయించుకున్నాడుగా.”

“మరదలు?”

“చెల్లి పుట్టింటికెళ్ళింది. ఒక్కడే ఉన్నాడు.”

“పొద్దున్నుంచి వాణ్ణి చూశావా?”

“చూడలేదే. రోజూ పొద్దున్నే సైకిలు తుడుచుకుంటూ కనపడేవాడు. ఇవాళ... ఇవాళ సైకిలు చప్పుడు కూడా లేదు. పనికి వెళ్ళినట్టు లేడు. ఎందుకలా అడుగుతున్నారు? పురుగు మనిషినేం చేస్తుంది?”

“పురుగేం చేయదు.”

“మరి?”

“పద.”

“గునపం ఎందుకండీ? ఏమండీ, గునపం అక్కడ పెట్టండి. ఇచ్చింది నేను, తిడితే నన్ను తిట్టండి. గునపం ఎందుకు?”

“పదవే బాబూ. నీకు పుణ్యముంటుంది, మాట్లాడకుండా పద.”

పక్కింటి పెరటి తలుపు ముందు. అది తీస్తే నేరుగా పడగ్గదే.

“చిన్నోడా. ఒరేయ్ చిన్నోడా. తలుపు తియ్యి.”

“మెల్లగా కొట్టండి. వీధంతా వస్తారు.”

“చిన్నోడా.”

“పలకడం లేదండీ.”

“ఒరేయ్. వినపడుతోందా? ఒరేయ్.”

“ఎవరది?”

“బతికే ఉన్నాడు.”

“అవేం మాటలండీ, మతిపోయిందా?”

“ఎవరని అడుగుతుంటే?”

“నేనురా. అన్నయ్యని.”

“నాకు మాట్లాడే అన్నయ్య లేడే. ఎవరో పొరపాటున వచ్చినట్టున్నారు.”

“వేళాకోళం తర్వాత. తలుపు తియ్యరా.”

“ఎందుకు?”

“పనుంది.”

“ఏం పని? ఇన్నాళ్ళూ లేని పని ఇవాళే వచ్చిందా?”

“ఆ చెట్టు... ఆ ఎర్ర పామ్. అది తిరిగి ఇచ్చెయ్యాలిరా. గుండుగాడు వాపసు అడుగుతున్నాడు. వేరేవాళ్ళకి అమ్మాల్సింది పొరపాటున నాకిచ్చాడట.”

“గుండు పొరపాటున ఇచ్చేరకమా? ఒక ఆకు రాలినా లెక్కేసుకునే మనిషి.”

“నీకెందుకురా అవన్నీ. తలుపు తీస్తే తీసుకుపోతాను.”

“ఇచ్చి ఒక్కరోజు కాలేదు, అప్పుడే తీసుకుపోతావా? ఇవ్వడమెందుకు, లాక్కోడమెందుకు?”

“సరే, చెట్టు నీకే ఉంచుకో. బయట పెట్టు. పెరట్లో పెట్టుకో. గదిలో వద్దు.”

“చలిగాలి పడదన్నావుగా.”

“పడుతుంది.”

“ఎండ పడదన్నావుగా.”

“పడుతుందిరా. నేను గొప్పకి చెప్పుకున్నాను. అది మొండిది. రాళ్ళమీద పెట్టినా బతుకుతుంది. బయట పెట్టు, లేదా నువ్వు బయటికి రా.”

“నేనెందుకు రావాలి?”

“ఊరికే. మాట్లాడుకుందాం.”

“ఇక్కణ్ణించే మాట్లాడుతున్నాంగా.”

“ఒరేయ్, రాత్రి దానికి నీళ్ళు పోశావా?”

“పోశాను.”

“ఎన్ని?”

“బాగా పోశాను. కొత్తచోటుకి వచ్చిన చెట్టు దాహంగా ఉంటుంది కదా. మొదలుకి తడిగుడ్డ కూడా చుట్టాను.”

“తడిగుడ్డ చుట్టావా?”

“గాలి తగలకుండా తలుపు కింద సందులో పాతచీర కుక్కాను. అన్నయ్య ఇచ్చిన చెట్టాయె. ఏం, తప్పు చేశానా?”

“ఏమండీ, నిజం చెప్పండి నాకు. ఆ చెట్టులో ఏముంది?”

“మెల్లగా మాట్లాడు.”

“మెల్లగానే అడుగుతున్నాను. ఏముంది?”

“మాత్రలు.”

“ఏం మాత్రలు?”

“గోదాముల్లో ధాన్యం బస్తాల మధ్య పెడతారే, పురుగు చావడానికి. అవి. మొదలుకి కన్నం చేసి లోపలికి తోశాను. పైన బంకమట్టి పెట్టి మూసేశాను. నిన్న పొద్దున, పనికి వెళ్ళేముందు. అందులోంచి గ్యాస్ వస్తుంది. తడి తగిలితే ఇంకా తొందరగా వస్తుంది.”

“పురుగుకేగా?”

“మూసిన గదిలో దానికి పురుగనీ మనిషనీ తేడా ఉండదే.”

“అయ్యో. అయ్యో, నా చేతులతో నేనే...”

“నోరు ముయ్యి. వాడు వింటాడు.”

“వినాలి. వినడానికేగా వచ్చాం. చెప్పండి వాడికి.”

“ఎలా చెప్పను?”

“నోటితో చెప్పండి.”

“చెప్తే ఏమనుకుంటాడు? రేపు మరదలేమంటుంది, వీధేమంటుంది? గోడ పక్క నేల కోసం కొట్టుకుంటున్న అన్న, విషం పెట్టిన చెట్టుని తమ్ముడింటికి పంపాడు. నువ్వేమో నేనే పంపానని చెప్పొచ్చావు. పురుగు కోసం పెట్టానంటే నవ్వుతారు. నన్ను తీసుకెళ్ళి లోపలేస్తారు.”

“మీరు లోపలికెళ్ళినా బతికే ఉంటారు. వాడో? మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?”

“ఒక్క నిమిషం ఆగు. తలుపు పగలగొడతాను. వాడికేం చెప్పకుండానే బయటికి లాగేస్తాను. జరుగు.”

“వదినా. వదినా, నువ్వు కూడా ఉన్నావా అక్కడ?”

“ఉన్నాను అబ్బాయ్. ఇక్కడే ఉన్నాను.”

“ఆ చప్పుడేంటి? ఆయన చేతిలో ఏముంది?”

“ఏం లేదురా నా చేతిలో.”

“నిన్ను కాదు. వదినని అడిగాను.”

“గునపం ఉంది అబ్బాయ్.”

“నీ నోరు పడిపోను. ఉందని చెప్పాలా?”

“ఇంకెన్ని అబద్ధాలండీ. మీకు దండం పెడతాను, ఇంక చాలు.”

“గునపం ఎందుకన్నయ్యా?”

“తలుపు తియ్యవుగా నువ్వు. అందుకు.”

“తియ్యకపోతే?”

“పగలగొడతాను.”

“పగలగొట్టి?”

“నిన్ను బయటికి లాగుతాను.”

“లాగి?”

“లాగి నీ తలకాయ. ఎదురు ప్రశ్నలు మాని తలుపు తియ్యరా. నీకెలా ఉంది? తల నొప్పిగా ఉందా?”

“పొద్దున్నుంచీ పగిలిపోతోంది. నీకెలా తెలుసు?”

“వాంతి?”

“ఒకసారైంది. నీకెలా తెలుసన్నయ్యా?”

“చెప్పండి. ఇప్పుడైనా చెప్పండి. గొంతు చూడండి ఎంత నీరసంగా ఉందో.”

“చిన్నోడా, విను. నేను చెప్పేది పూర్తిగా విను. మధ్యలో మాట్లాడకు. ఆ చెట్టులో పురుగుంది. ఆ పురుగు కోసం నేను మాత్రలు పెట్టాను. విషం మాత్రలు. నిన్న పొద్దునే పెట్టి పనికెళ్ళాను. మీ వదినకి తెలియదు. నేనింట్లో లేనప్పుడు, నన్నడక్కుండా నీకిచ్చేసింది. అది మంచి మనసుతోనే ఇచ్చింది. నేను పంపలేదురా. నాకు ఇప్పుడే తెలిసింది, పరిగెత్తుకొచ్చాను. ఆ గదిలో ఉన్నది మంచి గాలి కాదు. బయటికి రా. చిన్నోడా. వింటున్నావా? చిన్నోడా.”

“ఏమండీ, చప్పుడు లేదు.”

“చిన్నోడా.”

“అబ్బాయ్, పలుకు నాయనా. ఒక్క మాట పలుకు.”

“పడిపోయుంటాడు. జరుగు, జరుగు, తలుపు పగలగొడతాను.”

“ఆగు.”

“పలికాడండీ. పలికాడు.”

“ఆగు. తలుపు మీద చెయ్యెయ్యకు. అంటే, అన్నయ్యా, విషం పెట్టింది నువ్వే.”

“నేనే.”

“ఒప్పుకుంటున్నావు.”

“ఒప్పుకుంటున్నాను. పురుగు కోసం పెట్టాను.”

“పురుగంటే నేనా?”

“చెప్పుతో కొడతాను వెధవా. ఎర్రముక్కు పురుగురా. మట్టల మొదట్లో గుడ్లు పెడుతుంది, పిల్లలు లోపలికి తొలుచుకుపోతాయి. పైకి ఏం తెలియదు. నడుమ చిగురు, ఆ మొవ్వు, వాలిపోయేదాకా తెలియదు. పామ్ చెట్టుకి ప్రాణమంతా ఆ మొవ్వులోనే ఉంటుంది. ఒక్కటే ఉంటుంది. అది పోతే పక్కనించి ఇంకోటి రాదు. అందుకని తొందరపడ్డాను. ఆ పసుపు కాడల దానికి పాకుతుందని భయపడ్డాను.”

“చెట్టు చస్తుందని ఇంత భయపడ్డావా?”

“పడ్డాను. ఇప్పుడు దానికి పదింతలు పడుతున్నాను. రారా బయటికి.”

“రాలేను.”

“ఎందుకురా?”

“కాళ్ళు వణుకుతున్నాయి.”

“అదే, అదే. అలాగే మొదలవుతుంది. పాక్కుంటూ రా. గడియ ఒక్కటి లాగు చాలు, మిగతాది నేను చూసుకుంటాను.”

“గడియ తీస్తే నువ్వు లోపలికొస్తావు.”

“రాకుండా ఎలారా?”

“గునపంతో.”

“ఒరేయ్, ఈ గునపం నీకోసం కాదు. ఆ తలుపు కోసం.”

“మొన్న గోడ దగ్గర ఏమన్నావు? నా చెట్ల జోలికొస్తే గునపం దింపుతానన్నావు. వదిన కూడా విన్నది.”

“కోపంలో అన్నాను. మనుషులు కోపంలో ఎన్నంటారు. నువ్వు నా పసుపు పామ్‌కి కిరసనాయిలు పోస్తానన్లేదా? పోశావా మరి?”

“పోద్దామనే డబ్బా పట్టుకొచ్చాను. గోడెక్కి చూస్తే అప్పుడే కొత్త ఆకు విప్పుకుంటోంది. చెయ్యి రాలేదు.”

“చూశావా. నీకు చెట్టు మీదే చెయ్యి రాలేదు, నాకు నీ మీద ఎలా వస్తుందిరా? నిన్ను భుజానికెత్తుకుని తిప్పినవాణ్ణి. బడి మాన్పించి నన్ను పనిలో పెట్టారు, ఎందుకు? నువ్వు చదువుకుంటావని. చదివావా? లేదు. కరెంటు వైర్లు పట్టుకుని తిరిగావు. అయినా ఏమన్నా అన్నానా?”

“ఇప్పుడంటున్నావుగా.”

“అబ్బా. మీ ఇద్దరి సంగతి తర్వాత తేల్చుకోండి. అబ్బాయ్, నేను చెప్తున్నాను, నీ కాళ్ళు పట్టుకుంటాను, తలుపు తియ్యి.”

“వదినా, నిన్న సాయంత్రం అన్నయ్యే పంపాడన్నావు. ఇవాళ పంపలేదంటున్నాడు. రెంట్లో ఏది నిజం?”

“నిన్న నేను చెప్పింది అబద్ధం. మీరిద్దరూ మాట్లాడుకుంటారని చెప్పాను. తప్పైపోయింది.”

“నిన్న చెప్పింది అబద్ధమా, ఇవాళ చెప్పేది అబద్ధమా నాకెలా తెలుస్తుంది?”

“చూశారా, నమ్మడం లేదు. మీరు పెట్టుకున్న గొడవలకి ఇప్పుడు నిజం చెప్పినా నమ్మేవాడు లేడు.”

“ఏం చేస్తే నమ్ముతావురా? చెప్పు. ఏం కావాలి నీకు? ఆ నేలేనా? గోడ పక్క నేలేనా? తీసుకో. తీసుకుపోరా. గోడ పడగొట్టి ఇటు జరిపి కట్టుకో. నాన్న ఎటు గీశాడో, కొలిచినవాడు ఏం చెప్పాడో నాకనవసరం. నీదే. చెట్లతో సహా తీసుకో. నేల నాదని చూపించుకోడానికే పాతానురా వాటిని, కంచె బదులు పాతాను, తర్వాత వాటిమీద ప్రేమ పుట్టింది. అన్నీ నువ్వే ఉంచుకో. పెళ్ళాం ముందు చెప్తున్నాను. నువ్వు మాత్రం ఆ గదిలోంచి బయటికి రా. చిన్నోడా, నాకెవరున్నార్రా నువ్వు పోతే. ఎవడితో పోట్లాడను నేను?”

“ఏడవకండి. అబ్బాయ్, మీ అన్నయ్య ఏడుస్తున్నాడు. నేనెప్పుడూ చూళ్ళేదు.”

“గునపం పడెయ్యమను.”

“పడేశాను.”

“వదినా, పడేశాడా?”

“పడేశాడు.”

“గోడ అవతలికి విసిరెయ్యమను.”

“విసిరేస్తున్నాను. విన్నావా చప్పుడు? పంపు మీద పడింది. పంపు విరిగినట్టుంది, పోనీ. ఇంకేం చెయ్యమంటావు?”

“నేల మీద కూచో.”

“కూచున్నాను.”

“తలుపుకి దూరంగా.”

“దూరంగానే ఉన్నాను. చేతులు కూడా ఒళ్ళో పెట్టుకున్నాను. బళ్ళో కూడా ఇంత బుద్ధిగా కూచోలేదు. తియ్యరా.”

“తీస్తున్నాను.”

“హమ్మయ్య. రా అబ్బాయ్, నా భుజం పట్టుకో. మెల్లగా. గాలి బాగా పీల్చుకో. డాక్టరు దగ్గరికి పోదాం, అలా నిలబడకు, పడిపోతావు... ఆ చేతిలో ఏంటి?”

“పైపు.”

“పైపా? ఇనుప పైపెందుకురా?”

“పొద్దున్నుంచీ పట్టుకునే ఉన్నాను.”

“నీకు కళ్ళు తిరగడం లేదా? నిటారుగానే నిలబడ్డావే. లోపలికి పోకు, నేను ముక్కుకి తువ్వాలు కట్టుకుని ఆ కుండీ బయటికి లాగుతాను... ఒరేయ్. కుండీ ఏది? మంచం పక్కన ఏం లేదు.”

“వీధివైపు ఆరుబయట ఉంది. చుట్టూ రాళ్ళు పేర్చాను, ఏ కుక్కా దగ్గరికి పోకుండా.”

“ఎప్పుడు పెట్టావు?”

“తెల్లారగానే. లేచేసరికి తల బద్దలవుతోంది. చేపలు కుళ్ళిన కంపు. చెట్టుకేమైనా అయిందేమోనని వెళ్ళి చూస్తే, కుండీ పక్కన బల్లి వెల్లకిలా పడుంది. తడిగుడ్డ విప్పి చూశాను. మొదలుకి కన్నం, కన్నానికి బంకమట్టి. బయటికి ఈడ్చుకొచ్చి అక్కడే వాంతి చేసుకున్నాను.”

“తెల్లారే తెలుసా నీకు? తెలిసి ఇంతసేపూ నన్ను తలుపు బయట ఏడిపించావా? మంచం పక్కనే పెట్టుకున్నావనుకుని చచ్చి బతికానురా. నవ్వుకున్నావా లోపల కూచుని?”

“నవ్వలేదు.”

“మరి ఎందుకు తీయలేదు?”

“భయమేసింది.”

“దేనికి?”

“నీకే. అన్నయ్య పంపాడని వదిన చెప్పింది. రాత్రంతా ఆ చెట్టుని చూసుకుంటూ పడుకున్నాను, మా అన్నయ్య పంపాడు, మా అన్నయ్య పంపాడు అనుకుంటూ. పొద్దున కన్నం చూశాను. అప్పటినుంచీ గడియ పెట్టుకుని కూచున్నాను. నీళ్ళకి కూడా బయటికి రాలేదు. నువ్వు తలుపు కొట్టావు. నా గొంతు వినగానే నువ్వన్న మొదటి మాటేంటో తెలుసా? బతికే ఉన్నాడు, అన్నావు. తర్వాత గునపం అన్నారు. మిగిలిన పని పూర్తిచేద్దామని వచ్చావనుకున్నాను.”

“భగవంతుడా. ఎంత మాటన్నావు అబ్బాయ్.”

“నన్నా? నన్నలా అనుకున్నావా చిన్నోడా?”

“అనుకున్నాను.”

“ఇంకా అనుకుంటున్నావా? ఆ పైపు ఇంకా కింద పెట్టలేదే.”

“పెడుతున్నాను. ఇప్పుడనుకోవడం లేదు. విషం సంగతి నువ్వే చెప్పావు, అప్పుడు సగం నమ్మాను. నేల ఇస్తానన్నాక పూర్తిగా నమ్మాను. చంపుదామనుకున్నవాడు నేల వదులుకోడు కదా. నేల కోసమేగా ఎవడైనా చంపేది.”

“అవున్రా. అది... నేల సంగతి... భయంలో అన్నాను కదా, అప్పుడు నేనేమంటున్నానో నాకే...”

“అంటే? ఇవ్వవా?”

“ఇవ్వనని కాదు. నువ్వు చావడం లేదని తెలిస్తే...”

“తెలిస్తే?”

“ఏమండీ.”

“నువ్వూరుకోవే. చిన్నోడా, పైపెందుకు మళ్ళీ తీస్తున్నావు? కింద పెట్టరా. ఆ చూపేంటి? ఇదిగో, మళ్ళీ నేల మీదే కూచుంటున్నాను, చూడు.”

“అన్నయ్యా, నువ్వన్నదాంట్లో ఒకటి అబద్ధమైతే, మిగతాది ఎలా నమ్మను? నీ మరదలు రేపొస్తుంది. కుండీ ఎందుకు వీధిలో ఉందని అడుగుతుంది. ఏం చెప్పను? పురుగు కోసమని చెప్పనా, నా కోసమని చెప్పనా?”

“ఏమండీ, చెప్పండి వాడికి. ఆలోచిస్తారేంటి. మీరు ఆలోచించేకొద్దీ వాడి మొహం ఎలా అయిపోతోందో చూడండి.”

“పురుగు కోసమనే చెప్పరా.”

“నేల?”

“నీదే.”

“ఎంత?”

“గోడ పొడుగునా మూడడుగుల వెడల్పు. ఇరవై గజాలు. చెట్లతో సహా.”